రంగు ఎండేదాకా

ఒళ్ళో రైలింజను పెట్టుకుని రైలెక్కిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? పోయిన మాఘమాసంలో ఒక పొద్దున జనగామ స్టేషనులో ఉన్నవాళ్ళు చూశారు. ఆ మనిషిని నేనే.

ఇంజను అట్టపెట్టెలో ఉంది. పెట్టెకు నాలుగు పక్కలా పెన్సిలు దూరేపాటి చిల్లులు పొడిచాను. ఎదురు సీటులో కూచున్న పెద్దాయన కాసేపు పెట్టెను, కాసేపు నన్నూ చూసి, “కోడిపిల్లలా సార్?” అని అడిగాడు. కాదండీ, రంగు వేసిన బొమ్మ అన్నాను.

“బొమ్మకు గాలెందుకు?”

“బొమ్మకు కాదు, రంగుకు కావాలి.”

ఆయన నా వంక జాలిగా చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నెల రోజుల కిందట ఎవరైనా నాతో ఆ మాటంటే నేనూ అలాగే చూసి ఉండేవాణ్ణి. రంగు గాలి పీల్చుకుని గట్టిపడుతుందనీ, ఆరడం వేరు, ఎండడం వేరనీ నాకు తెలిసింది ఆ నెలలోనే. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ రెండు మాటల తేడా ముందే తెలిసి ఉండవలసింది. తెలిసి ఉంటే ఒక నష్టం తప్పేది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా నాయిన సంగతి చెప్పాలి.

* * *

మా నాయిన కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరు. మా చిన్నతనం అంతా అక్కడి క్వార్టర్లలోనే గడిచింది. ఆ రోజుల్లో ‘డబ్ల్యూపీ’ అనే ఆవిరి ఇంజను ఉండేది. 1947లో మొదటివి అమెరికాలో తయారై వచ్చాయి. తర్వాత కొన్నిటిని మన చిత్తరంజన్‌లోనే చేశారు. తుపాకి గుండులాంటి ముక్కు, ముక్కు మీద నక్షత్రం. దాన్ని చూసిన పిల్లవాడికి ఇంకో ఇంజను ఆనేది కాదు. 1987లో నాకు ఏడేళ్ళు. ఆ సంవత్సరం వేసవిలో నాయిన నూనెడబ్బా రేకు, టేకు ముక్కలు, మేకులు పెట్టి నా కోసం ఆ ఇంజను చిన్నదిగా చేశాడు.

ఈమధ్య కొలిచి చూశాను. చక్రాల మధ్య 42 మిల్లీమీటర్లు ఉంది. మన పెద్ద లైనులో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. అంటే దాదాపు నలభయ్యో వంతు. లెక్క వేసి చేశాడో, కంటి అందాజుతో చేశాడో అడుగుదామంటే ఆయన లేడు. ముదురాకుపచ్చ ఎనామెలు వేసి, ముక్కుకు వెండిరంగు పూసి, నక్షత్రం దిద్దాడు. దేశంలో పెద్ద లైను మీద ఆవిరి బళ్ళ రోజువారీ నడక 1995 డిసెంబరులో ముగిసింది. మా ఇంటి ఇంజను మాత్రం అద్దాల బీరువాలో నిలిచే ఉంది.

నాయిన రిటైరయ్యాక సొంత ఊరు మానుకోట చేరాడు. కాగితాల మీద అది మహబూబాబాదు. జనం నోట ఈనాటికీ మానుకోటే. నాకు జనగామ కాలేజీలో ఉద్యోగం. అక్కను భూపాలపల్లికి ఇచ్చాం. బావ సింగరేణి గనిలో పనిచేస్తాడు. 2016 అక్టోబరులో పాత వరంగల్లు జిల్లాను విడదీసినప్పుడు ఈ మూడు ఊళ్ళూ ఒకే రోజున జిల్లా కేంద్రాలయ్యాయి. ఎక్కడివాళ్ళం అక్కడే ఉండగా మా కుటుంబం మూడు జిల్లాల పాలయింది.

నాయిన పోయాక ఇంజనును అమ్మ నా చేతిలో పెట్టింది. నాదే గనక నేనూ తెచ్చుకున్నాను. అక్కావాళ్ళు కొత్త ఇల్లు కట్టి, నాయిన ఏడాది నిండేదాకా ఆగి, మాఘంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. ఫోనులో పిలుపు చెప్పి, చివర్న, “వచ్చేటప్పుడు నాయిన చేసిన ఇంజను పట్టుకరా తమ్ముడా, ఒకసారి చూడాలె” అన్నది.

చూడాలె అన్నది; రంగెయ్యమనలేదు. ఈ తేడా కూడా నాకు తర్వాతే తెలిసింది.

* * *

ఇంజను రంగు వెలిసింది. బాయిలరు మీద అక్కడక్కడ పెచ్చులు లేచాయి. కొత్త ఇంటికి పాత బొమ్మ తీసుకుపోవడం ఏం బాగుంటుందని సంక్రాంతి సెలవుల్లో పనికి దిగాను. జనగామ బజారులో చిన్న డబ్బా ఆకుపచ్చ ఎనామెలు, సీసాడు టర్పెంటైను, రెండు కుంచెలు కొన్నాను. బొమ్మలకు వేసే ఎనామెలు రంగులు ప్రత్యేకంగా ఉంటాయి. ఇంగ్లండులో పుట్టిన హంబ్రోల్ కంపెనీ 14 మిల్లీలీటర్ల బుల్లి డబ్బాల్లో అమ్ముతుంది. నేను కొన్నది కిటికీ చువ్వలకు వేసేది. వంశం ఒకటే, అవి కాస్త పలుచన, రంగుపొడి కాస్త మెత్తన.

శనివారం సాయంత్రం బాయిలరుకు ఒక పూత దట్టంగా వేశాను. పొద్దున లేచి వేలితో ముట్టి చూస్తే అంటలేదు. ఆరిపోయిందనుకున్నాను. బాయిలరు కడుపు కింద ఒకచోట పాత రంగు తొంగిచూస్తున్నది. ‘ఇంత చిన్న దిద్దుబాటుకు రేపటిదాకా ఎందుకు?’ అని కుంచె ముంచి అద్దాను.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి, అద్దిన చోట రంగు ముడతలు పడి ఉంది. పాల మీది మీగడను గరిటెతో తోసినప్పుడు ఎలా ముడుచుకుంటుందో, అచ్చం అలా.

ఆ పోలిక ఊరికే తట్టింది గానీ, జరిగింది కూడా అదే. ఎనామెలు రెండు విడతలుగా ఆరుతుంది. మొదట అందులోని టర్పెంటైనులాంటి పలుచని ద్రవం గాలిలో కలిసిపోతుంది. దానికి కొన్ని గంటలు చాలు. అప్పుడు వేలు పెడితే అంటదు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. రంగులోని నూనె, బంక గాలిలోని ఆక్సిజనును పీల్చుకుని, ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. దీనికి రోజులు పడుతుంది. చలిగా ఉన్నా, తేమ ఉన్నా, పూత దట్టంగా ఉన్నా వారం దాటవచ్చు. మెరుపు రంగు కంటే మెరుపు లేనిది తొందరగా ఆరుతుంది. ఈ రెండు విడతల నడుమ పైన పొర కట్టి, లోపల మెత్తగా ఉంటుంది. అటువంటి సమయంలో కొత్త పూత వేస్తే, అందులోని టర్పెంటైను లోపలికి దిగి, పాత పొరను ఉబ్బించి లేపుతుంది. అవే ముడతలు.

ముడతను వెంటనే గీకితే బంకలా సాగి, పక్కనున్నదాన్ని కూడా పాడుచేస్తుంది. అదీ ఎండవలసిందే. ఎండలో పెడితే త్వరపడుతుందనుకుంటాం గానీ, ఎండవేడికి పైపొర ఇంకా ముందు బిగుసుకుని లోపలి తడి అక్కడే చిక్కుతుంది. నీడ, గాలి, దుమ్ము లేని చోటు కావాలి. పెట్టెకు చిల్లులు పొడిచింది అందుకే.

ఎనిమిది రోజులాగి, నీళ్ళలో తడిపిన సన్న గరుకు కాగితంతో అరగదీయడం మొదలెట్టాను. తడిపి రుద్దడం ఎందుకంటే పాత ఎనామెళ్ళలో సీసం కలిసి ఉండేది. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. ఇళ్ళకు వేసే రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాల సీసం మించరాదన్న నియమం మన దేశంలో అమలయింది 2017 నవంబరు నుంచే. నాయిన రంగు అంతకు ముప్పై ఏళ్ళ ముందుది. మూతికి గుడ్డ కట్టుకుని మరీ రుద్దాను.

బాయిలరు నునుపయ్యాక చెయ్యి ఊరుకోలేదు. డ్రైవరు నిలబడే గదికి ఎడమపక్క, కిటికీ కింద, చింతగింజంత గుంట ఒకటి కనిపించింది. లోపల సన్న సన్న గీతలు. ఎప్పుడో ఏదో ఒత్తుకుపోయి ఉంటుందనుకున్నాను. ఇదీ చదును చేద్దామని రుద్దుతూ పోతే ఒక పక్క రేకు తేలింది. ఇంతలో కరెంటు పోయింది. తర్వాత చూద్దామని వదిలేశాను. కరెంటు పోయినందుకు విసుక్కున్నాను కూడా.

* * *

ఇంకోసారి చెడగొట్టే ముందు, రంగుతో బతికేవాళ్ళను చూసి వద్దామనిపించింది. జనగామలో సిద్దిపేట బస్సెక్కితే దారిలో చేర్యాల వస్తుంది. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ, ఒకప్పుడు మా వరంగల్లు జిల్లాదే. నకాషీ చిత్రకారుల ఊరు. కులపురాణాలు చెప్పేవాళ్ళు వెంట తీసుకుపోయే పటాలు ఇక్కడ తయారయ్యేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు బారెడు బారెడు పటం విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కథ నడిపేవారు.

నేను వెళ్ళిన ఇంట్లో ఒక నడివయసాయన కొయ్యపొట్టు, చింతగింజల అంబలి కలిపి చేసిన బొమ్మకు సుద్ద పూస్తున్నాడు. పటానికయినా ఇదే వరస. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత పూస్తారు. ఒకటి ఆరాక ఇంకొకటి, మొత్తం మూడు పూతలు. ఆ తర్వాతే కుంచె.

“మూడూ ఒక్కపారే దట్టంగ పూస్తే పనైపోదా?” అన్నాను.

ఆయన నవ్వాడు. “పూస్తే పూయొచ్చు సార్. చుట్టినప్పుడు పెళ్ళలు పెళ్ళలు ఊడిపోతది. పటమంటె చుట్టేది, విప్పేది గద.”

ఆయన రంగులు నీళ్ళ రంగులు. నీరు పోతే ఆరినట్టే; రెండో విడత లేదు. నా రంగు నూనె జాతిది. అయినా పాఠం ఒకటే. పలుచని పూతలు మూడు వేస్తే, ఒక మందపు పూత కంటే ముందే లోపలిదాకా ఎండుతాయి. బొమ్మలకయితే ఇంకో కారణం కూడా ఉంది. నా ఇంజను నలభయ్యో వంతుది. దాని మీద నోటుపుస్తకం కాగితమంత మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు, రంగు పట్టిందనుకోండి. పెద్ద ఇంజను లెక్కకు అది నాలుగు మిల్లీమీటర్ల రంగు! నాయిన సూదితో లోపలినుంచి పొడిచి తేల్చిన రివెట్లు అందులో మునిగిపోవూ?

ఇంటికి వచ్చి రంగులో టర్పెంటైను చుక్కలు కలిపి, అడుగున పేరుకున్న రంగుపొడి పైకి వచ్చేదాకా పుల్లతో కలిపి, బాయిలరుకు పలుచగా మూడు పూతలు వేశాను. పూతకూ పూతకూ నడుమ ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా విడిచిపెట్టాను. గది పక్కలను మాత్రం ముట్టలేదు. అవి చివర్న వేద్దామనుకున్నాను. అంతలో ప్రయాణం రోజు వచ్చింది. మిగిలిన రంగు డబ్బా, సన్న కుంచె సంచిలో వేసుకుని బయలుదేరాను. భూపాలపల్లిలోనే దిద్దవచ్చు గదా!

* * *

జనగామ నుంచి మానుకోటకు దారి కాజీపేట, వరంగల్లు, నెక్కొండ, కేసముద్రం మీదుగా. నిజాం కాలంలో సికింద్రాబాదు నుంచి బెజవాడకు వేసిన లైను ఇది, 1889లో పూర్తయింది. మానుకోట దాటితే డోర్నకలు జంక్షను. అక్కడినుంచి సింగరేణి బొగ్గు కోసం ఇల్లెందు వైపు కొమ్మ చీలింది. కాజీపేటలో బండి ఆగినంతసేపూ పెట్టె మీద చెయ్యి వేసుకుని కూచున్నాను. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

మాఘమాసంలో మానుకోట ఎర్రగా ఉంటుంది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. రోడ్డున పోతుంటేనే ముక్కుపుటాలు అదురుతాయి. మా పెరట్లో కూడా అమ్మ ఇంటికి సరిపోయేంత పరిచింది. నేను గుప్పెడు తీసి, “ఆరినయి గదనే అమ్మా, డబ్బాల పొయ్యరాదు” అన్నాను.

“ఆరినయి, ఎండలే” అన్నది అమ్మ. ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపింది. “గలగలమంటున్నయా? లేదు గద. పైన తోలారింది, లోపట తడున్నది. ఇట్లనే నింపితే బూజు పడుతది బిడ్డా.”

నేను నోరు తెరిచి నిలబడిపోయాను. నెల రోజులుగా పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది అమ్మ రెండు క్రియాపదాల్లో చెప్పేసింది. బట్ట ఆరుతుంది, చెమట ఆరుతుంది, తల ఆరుతుంది. మిరపకాయ ఎండుతుంది, కట్టె ఎండుతుంది, వరుగు ఎండుతుంది. పైతడి పోతే ఆరడం. లోతడి కూడా పోతే ఎండడం. ఎండుమిర్చి అంటాం గాని ఆరుమిర్చి అనం. క్లాసులో అర్థభేదాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ ఒక్కసారయినా ఇవ్వలేదే అని సిగ్గేసింది.

ఇంజను చూపించాను. అమ్మ అటూ ఇటూ తిప్పి, “కొత్త చీర కట్టిన ముసల్దాని లెక్కున్నది” అని నవ్వింది. ఆకుపచ్చ బాయిలరు నిగనిగలాడుతున్నది. వెనక గది మాత్రం పాత రంగులోనే ఉంది. ఒకే డబ్బా రంగు కొన్నా కలవదు. నలభై ఏళ్ళ రంగు పసుపుదేలి, గోధుమవన్నెకు తిరిగి ఉంది.

స్టేషను రోడ్డులో లారీల మీద పేర్లు, నంబర్లు రాసే పెయింటరు ఒకాయన ఉన్నాడు. ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వచ్చి బోర్డుల పని చాలామటుకు పోయింది. కుంచె మాత్రం విడవలేదు. ఆయనకు పెట్టె విప్పి చూపించాను. కళ్ళతో చూడడానికి ముందు బాయిలరు దగ్గర ముక్కు పెట్టాడు.

“ఇంక వాసనొస్తున్నది సార్. రెండు మూడు రోజులు కానియ్యి. వాసన పోయినాకనే ఎండినట్టు.”

“వేలు పెట్టి చూస్తే తెలియదా?”

“ఏలు పెడితే ముద్ర పడుతది. పెట్టాల్నంటె కానరాని తావుల పెట్టాలె.”

పాత రంగుతో కలిసేలా ఎలా దిద్దాలని అడిగాను. ఆకుపచ్చలో పసుపు చుక్క, కాఫీరంగు చుక్కలో సగం వేసి, డబ్బా మూత మీద రాసి చూడమన్నాడు. “తడి రంగును ఎండిన రంగు పక్కకు పెట్టి చూడకు సార్. మోసపోతవ్. రాత్రి ఆరనిచ్చి పొద్దున చూడు. కలవకుంటె ఇంకో చుక్క.” రెండు బుల్లి సీసాల్లో ఆ రంగులు పోసి ఇచ్చాడు. డబ్బులిస్తే, ఎంతిచ్చావో చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

* * *

భూపాలపల్లికి రైలు లేదు. నేల కిందంతా బొగ్గు, చెల్పూరులో కరెంటు తయారీ, ఊరినిండా గనివాళ్ళు. అయినా రైలెక్కాలంటే వరంగల్లు రావలసిందే. అమ్మతో వరంగల్లులో దిగి, హనుమకొండ వచ్చి, పరకాల, రేగొండ మీదుగా బస్సులో వెళ్ళాను. రైలు లేని ఊరికి ఇంజను తెచ్చానని బావ ఎగతాళి చేశాడు.

గృహప్రవేశం బాగా జరిగింది. చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం అక్క పెట్టె విప్పింది. మెరుస్తున్న బాయిలరును చూడలేదు. ముక్కు మీది నక్షత్రాన్ని చూడలేదు. ఇంజనును ఎడమపక్కకు తిప్పి, గది కిటికీ కింద బొటనవేలు పెట్టింది. వేలు జారింది. మళ్ళీ పెట్టింది. లైటు కిందికి తీసుకుపోయి చూసింది.

“ఇక్కడుండాలె గదరా.”

“ఏందక్కా?”

“నా ఏలు.”

అప్పుడు చెప్పింది. 1987 వేసవిలో నాయిన ఇంజనుకు రంగు వేసి కిటికీ దగ్గర పెట్టి, “తమ్మునికి చేసిన. ఎండేదాక ఎవ్వలు ముట్టొద్దు” అన్నాడట. అక్కకప్పుడు పదేళ్ళు. రాత్రి అందరూ పడుకున్నాక లేచి వెళ్ళి బొటనవేలు ఒత్తింది. పొద్దున నాయిన ఇంజను చూశాడు, దాని వేలు చూశాడు. వేలికి ఆకుపచ్చ. కిరసనాయిలు గుడ్డతో వేలు తుడిచాడు. కుంచె చేతిలోనే ఉంది. అయినా ముద్రను దిద్దలేదు. “ఉండనీ” అన్నాడట, అంతే.

“నీకు చెప్పొద్దన్నడు. ఇంజను నీదని నువ్వు మస్తు మురుస్తుంటివి గద” అన్నది అక్క.

నేనేం మాట్లాడగలను? ఇన్నేళ్ళూ ఆ ఇంజను నా ఒక్కడిదే అనుకున్నాను. చింతగింజంత గుంటను మచ్చ అనుకున్నాను. ఆ మచ్చను నేనే నా చేతులతో అరగదీశాను. ముద్రలో కింది సగం మాత్రం మిగిలింది: నెలవంకలాగా అయిదారు గీతలు. పై సగం ఉండవలసిన చోట రేకు తేలి, అప్పుడే చుక్కంత తుప్పు కూడా పట్టింది.

“తప్పయింది అక్కా” అన్నాను.

అక్క చాలాసేపు పలకలేదు. తర్వాత, “సగమన్న ఉన్నది గద” అన్నది. ఇంకో నిమిషం ఆగి, “అది తుప్పు పట్టకుండ చెయ్యి” అన్నది.

చెయ్యాలి. వదిలేస్తే తుప్పు పాకి మిగిలిన గీతల కిందికి దూరుతుంది. ముద్ర నిలవాలంటే దాని పక్కన రంగు వెయ్యాలి. ముద్ర మీద పడకూడదు. అంటింపు కాగితం వేసి కాపాడదామంటే, తీసేటప్పుడు పాత రంగును పెచ్చుగా లేపుతుందని భయం. ఇక ఉన్నది నా చెయ్యి, సన్న కుంచె. కాలేజీకి మూడు రోజులు సెలవు పెట్టాను.

మొదటిరోజు తుప్పును సూదిమొనతో గీకి, బజారులో తెచ్చిన ఎర్ర ప్రైమరు చుక్క పూశాను. డబ్బా మూత మీద మూడు రకాలుగా ఆకుపచ్చ కలిపి రాసి పెట్టాను. రాత్రిదాకా చేసే పని ఇంకేమీ లేదు. “ఇంట్ల కూసుంటె మళ్ళ ముడుతవ్, పోదాం పా” అని అక్క నన్ను పాండవుల గుట్టకు తీసుకుపోయింది.

రేగొండ మండలం రావులపల్లి దగ్గర ఇసుకరాతి గుట్టలవి. చరియల కింద ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. జంతువులు, గుర్తులు. ఎర్రరంగువి కంటికి ముందు కనబడతాయి. తర్వాతి కాలంవాళ్ళు వేసిన భారతం బొమ్మలు కూడా ఉన్నాయి. రాతిబొమ్మల ఎరుపు జాజుది. జాజు అంటే ఇనుము ఆక్సిజనుతో కలిసిన మన్ను. నేను పొద్దున గీకిన తుప్పూ అదే, దాని మీద పూసిన ప్రైమరు ఎరుపూ అదే. వేల ఏళ్ళ కిందట ఎవరో వేసిన రంగు చెయ్యి పడక అలాగే నిలిచి ఉంది. నేను నలభై ఏళ్ళ ముద్రను పావుగంటలో సగం చేశాను. ఆ మాట అక్కతో అన్నాను. “అయితే ఇగ ఎన్నిసార్లంటవ్?” అని కసిరి, సంచిలోంచి సకినాలు తీసింది.

మర్నాడు మూత మీది మూడు రంగుల్లో నడిమిది పాతదానితో కలిసింది. టర్పెంటైను కలిపి, కుంచెకు రంగు కొంచెమే ఎత్తి, బయటి వైపున పలుచగా సాగదీసి, లోపలి వైపున గీత ముందర ఆపాను. ఊపిరి బిగబట్టింది నేనొక్కణ్ణే కాదు; పక్కన బల్ల పట్టుకుని అక్క కూడా. మళ్ళీ ఒక పగలూ ఒక రాత్రీ. ఆ రోజు గణపురం కోటగుళ్ళకు వెళ్ళాం. కాకతీయ గణపతిదేవుని కాలపు గుళ్ళు. నడుమ పెద్ద గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న గుళ్ళు ఎన్నో. విరిగిన స్తంభాల మధ్య కూచుని అక్క నాయిన సంగతులు చెప్పింది. షెడ్డు నుంచి వచ్చి ఆయన చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పట్టేదో, నన్ను బడిలో వేసిన రోజు ఆయన గేటు బయట ఎంతసేపు నిలబడ్డాడో. నాకు తెలియనివే ఎక్కువ. పెళ్ళయి వచ్చిన తర్వాత మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. రంగు ఆరవలసిన పని లేకపోతే గృహప్రవేశం మర్నాడే నేను బస్సెక్కి ఉండేవాణ్ణి.

మూడోరోజు రెండో పూత వేశాను. ఏటవాలుగా వెలుతురులో పెట్టి చూస్తే దిద్దిన చోటు తెలుస్తూనే ఉంది. కొత్తది కొంచెం మెరుస్తుంది, పాతది మెరవదు. నడుమ నెలవంక. అక్కకు నచ్చింది. దాన్ని గూట్లో ఎడమపక్క కనబడేలా నిలబెట్టి, దుమ్ము పడకుండా పైన నా అట్టపెట్టె బోర్లించింది. ఇస్తున్నానని నేనూ అనలేదు, ఉంచుకుంటానని ఆమే అనలేదు. వట్టి చేతులతో బస్సెక్కాను.

జనగామ చేరిన వారానికి ఫోను చేశాను.

“అక్కా, ముక్కు పెట్టి చూడు. వాసనొస్తున్నదా?”

పెట్టె ఎత్తిన చప్పుడు వినిపించింది. “ఇంక కొంచెమొస్తున్నది.”

“అయితే ఎండలే. ముట్టకు.”

“ఈసారి ముట్ట తియ్” అని నవ్వి ఫోను పెట్టేసింది.